ముందే పంపిన వార్త

జెనీవా, 1934 సెప్టెంబరు. నానాజాతి సమితి భవనంలో విలేకరుల గది. లియోన్‌లో రాళ్ళు చెక్కుకు బతికే దమ్యాన్ మధ్యాహ్నం బండి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చి, బెల్జియం విలేకరి ఒమేర్ లాంబెర్ పీక పట్టుకున్నాడు.

"మళ్ళీ చెప్పు. మా కిరో పేరు పేపర్లో వేసింది నువ్వేనా?"

"నేనే. పీక... పీక వదలండి, చెప్తాను."

"మొన్న పేరు వేశావు. ఇవాళ చావు వేశావు. రెండిటి కిందా నీ పేరే కదరా, లాంబెర్!"

"అవును దమ్యాన్ గారూ."

"గారూ గీరూ అన్నావంటే పళ్ళు రాలగొడతా! మా దేశాన్నేలే మార్షల్ మనుషులు తొంభైమందిని తుపాకులతో కాల్చి సున్నపు గుంతలో పూడ్చారు. చూసి బతికి బయటపడ్డది మా తమ్ముడొక్కడే. ఆ సంగతి ఈ సమితి సభలో చెప్పబోయే ప్రతినిధి కాళ్ళు పట్టుకుని, ఉపన్యాసంలో వాడి పేరు తీసెయ్యమన్నా. సరేనన్నాడు!"

"తీసేశాడు. వేదికెక్కే ముందు పెన్సిల్‌తో కొట్టేశాడు. కానీ టైపు కొట్టిన కాగితం మాకు గంట ముందే పంచుతారు. అందులో పేరుంది."

"మరి ఆయన చదివేటప్పుడు వినలేదా? చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"నేను సభలో లేను."

"ఎక్కడ చచ్చావు?"

"కింద... బార్‌లో. పేకాటలో."

"పేకాటా!"

"కాగితం చేతికొచ్చాక సభలోకి ఎవరెళ్తారు? 'అన్నారు, చప్పట్లు మోగాయి' అని ముందే రాసి పంపేస్తాం. పద్నాలుగేళ్ళుగా అందరం అంతే. జరగబోయేది జరిగినట్టు..."

"ఇదిగో నీ చప్పట్లు! ఇదిగో! ఇంకోటి కావాలా?"

"కొట్టండి. తప్పు నాదే."

మార్షల్ గారి ప్రభుత్వ పత్రికకు రాసే రిస్తో సిగరెట్ వెలిగించుకుంటూ లోపలికి వచ్చాడు.

"అరెరె, లాంబెర్ మిత్రమా, మొహం నిండా రక్తం! ఎవరీ పహిల్వాను? ఓహో, దమ్యానా!"

"నువ్వు అవతలికి పో రిస్తో. మార్షల్ విసిరిన ఎముక కొరుక్కునే కుక్కవి. నీ సంగతి తర్వాత."

"నామీద అరుస్తావేం? మీవాణ్ణి చంపింది నేనా? ఈయన కలం. కానివ్వు కానివ్వు, నేను కూర్చుని చూస్తా. ఒక్క అనుమానం, లాంబెర్. శవం దొరికిందని నీ ఒక్క పేపరే రాసింది. నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎక్కడ?"

"సరస్సు ఒడ్డున, వెర్సోయ్‌లో. పడవల రేవు కింద. మెడ వెనక తూటా."

"అయ్యో కిరో! ఒరే తమ్ముడూ! నా చేతుల్లో పెరిగావు కదరా! ఏ చేత్తో రాశావురా నువ్వు? చెప్పు, ఏ చేత్తో?"

"కుడి చేత్తో."

"ఆ వేలు ఈ బల్ల సొరుగు సందులో పెట్టు. పెట్టమన్నానా!"

"ఆ...! అమ్మా...!"

"విరిగింది. నాకిక్కడిదాకా వినపడింది. దమ్యానా, శవాన్ని ఏంచేశారో కూడా అడుగు."

"నువ్వు చెప్పక్కర్లేదు! వాణ్ణెక్కడ పెట్టారు? ఒక్క పిడికెడు మట్టి వేసుకుంటా, చెప్పరా."

"చెప్పలేను."

"చెప్పవా?"

"చెప్పలే... ఆ...! చంపెయ్యండి. కిరో చనిపోయాడు. అంతకంటే నా దగ్గరేం లేదు. చనిపోయాడు."

"చాల్చాలు. రెండు వేళ్ళు విరిగినా మాట మారలేదంటే నిజమే. స్టేషన్ దగ్గర మావాళ్ళిద్దరు వాడి కోసం మూడ్రోజులుగా వానలో తడుస్తూ కాపలా కాస్తున్నారు, పాపం. ఫోన్ చేసి ఇళ్ళకి పొమ్మంటా. మీరు కానివ్వండి, మిగతా వేళ్ళున్నాయిగా!"

తలుపు మూసుకుంది.

"వెళ్ళాడా?"

"ఎవడెళితే నీకేం? మూడో వేలు పెట్టు."

"పెడతాను. ముందు చూడండి, వెళ్ళాడా లేదా?"

"వెళ్ళాడు! పెట్టు!"

"టైమెంత?"

"నాలుగు. ప్రాణం పోతుంటే టైమెందుకురా నీకు?"

"నాలుగున్నరకి పారిస్ బండి. స్టేషన్ ఎదురుగా మా వదినకి బట్టలుతికే కొట్టుంది. ఆ దుప్పట్ల వెనక ఒకతను మూడ్రోజులుగా కూర్చునున్నాడు. ఆ కాపలావాళ్ళిద్దరూ కదిలితే ఎక్కిద్దామని మా వదిన టికెట్ తీసి ఉంచింది."

"ఎవరతను? ఎవరు... ఏమంటున్నావు నువ్వు?"

"మెల్లగా! అతను దగ్గుతూ మూలుగుతుంటాడు. మా వదిన చేసిన జున్ను తినడు, వాసనట. 'మా అన్నకి కోపమొస్తే కళ్ళు కనపడవు, అబద్ధమాడటం మాత్రం చేతకాదు, అతనికి ముందే చెప్పకండి' అన్నాడు."

"చెయ్యి... నీ చెయ్యి ఇలా చేశానే... అయ్యో, ఒక్క ముక్క ముందే అనుంటే..."

"అంటే మీరు ఏడ్చేవారు కాదు. మీరు ఏడవకపోతే రిస్తో నమ్మేవాడు కాదు."

"మరి ఆ వార్త? రేవు, తూటా, నువ్వు కళ్ళారా చూశానన్నది?"

"మా అలవాటు చెప్పాను కదా. అదీ ముందే పంపేశాను. మనవల్నెత్తుకున్నాక, తీరిగ్గా ఆ చావు వార్తని నిజం చెయ్యమనండి మీ తమ్ముణ్ణి."