మిస్ ఆర్నెటా దిద్దిన పద్నాలుగు గజాలు

మా అబ్బాయి జవాంటే వెయ్యి గజాలు దాటాడు. వెయ్యీ ఐదు.

పాస్టరుగారూ, అమ్మలారా, అయ్యలారా, మన్నించండి. ఇలాంటి సభలో మొదటి మాట ఇది కాకూడదు. మనం వచ్చింది మిస్ ఆర్నెటా ట్రిగ్స్ కోసం. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఈ ఊళ్లో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి. నలభై ఒక్క ఏళ్లు మన కాలేజీ ఫుట్‌బాల్ ఆటల్లో ఎవరు బంతిని ఎన్ని గజాలు ముందుకు తెచ్చారో పెన్సిలుతో రాసిన మనిషి. గురువారం పొద్దున కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. కోరాలీ అమ్మా, నీకు మేనత్త పోయింది, మాకందరికీ పంతులమ్మ పోయింది. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఈ ఉదయం తొమ్మిదిన్నరకి కాలేజీ నుంచి ఫోను వచ్చింది. అప్పట్నుంచి ఆ అంకె నా నోట్లో నిలవడం లేదు.

వెనక వరసల్లో ఫోన్లు తీసినవాళ్లు దయచేసి లోపల పెట్టండి. నేను నోరు జారాను. ఎంత జారానో మాట బయటికొచ్చాక తెలిసింది. ఎందుకో చెప్తాను, వినండి.

నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేసి పత్తి మిల్లుకి పోయినవాణ్ని. ఆ ఎనిమిదో తరగతిలో నాకు భిన్నాలు చెప్పింది ఆమే. ఇన్నేళ్ల తరవాత నా ముసలితనపు కొడుకు కాలేజీ జట్టులో చేరాడు. దూరం నుంచి విసిరిన బంతిని పరిగెత్తి అందుకోవడమే వాడి పని. మొదటి ఏడాది అందుకున్నవి మూడు, ముందుకు తెచ్చినవి ఇరవై రెండు గజాలు. మూడే. నాకు మాత్రం ముప్పై కనిపించాయి. ఒకనాడు బంతి నేలని తాకింది, రిఫరీ ఒప్పుకోలేదు. నేను ఊరుకుంటానా? మెట్లెక్కి ఆమె కూర్చునే గదికి పోయాను. ఆమె దుర్భిణి కళ్ల మీంచి దించలేదు. ఏమన్నారో తెలుసా? "హోసియా పెట్‌వే, నీ కొడుకు పట్టుకుంటే రాస్తాను. నువ్వు పట్టుకున్నట్టు అరిస్తే రాయను. దిగు." అంతే. అరవై ఎనిమిదేళ్ల వాణ్ని, పలక పగలగొట్టిన పిల్లాడిలా దిగి వచ్చాను.

రెండో ఏడాది పంతొమ్మిది. మూడో ఏడాది నలభై నాలుగు, ఆరువందల పన్నెండు గజాలు. నిరుడు, ఆఖరి ఏడాది, అరవై ఒకటి. తొమ్మిదివందల తొంభై ఒక్క గజాలు. మన కాలేజీలో ఒక్క ఏడాదిలో వెయ్యి దాటినవాడు ఇంతవరకూ లేడు. తొమ్మిది గజాలు తక్కువ. వరసగా వేస్తే నాలుగు మంచాల పొడవు, అంతే కదా?

ఇప్పుడు అసలు సంగతి. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆటనాడు వాన పడింది, మీకు గుర్తుంది. మైదానం బురద. మావాడి చొక్కా మీద ఎనిమిది, వాడి ముందు పరిగెత్తి ఎదుటివాళ్లని అడ్డుకునే లూషస్ బీచమ్ చొక్కా మీద మూడు. మావాడు బంతి పట్టి పద్నాలుగు గజాలు పోయాక అందరూ ఒక కుప్పగా పడ్డారు. లేచేసరికి మావాడి ఎనిమిదికి ఎడమవైపు అంతా బురద. సగం మాసిన ఎనిమిది, దూరం నుంచి చూస్తే ఏమిటి? మూడు. మిస్ ఆర్నెటా మూడు అని రాశారు. మైకులో లూషస్ పేరు చెప్పారు.

లూషస్ నాలుగేళ్లు జట్టులో ఉన్నాడు. వాడి పేరున ఉన్న బంతి అదొక్కటే. వాళ్ల నాయనమ్మ మిస్ ఒడెస్సా ఆ వానలో గొడుగు పారేసి ఏడ్చింది. లూషస్ నోరు విప్పలేదు. వాణ్ని ఏమీ అనకండి. ఆమె మొహం చూశాక ఎవరు విప్పుతారు?

మావాడు ఇంటికొచ్చి నాకు నిజం చెప్పాడు. తరవాత లెక్క తొమ్మిది గజాల దగ్గర ఆగిపోయినప్పుడు నేను, "వెళ్లి చెప్దాం పదరా" అన్నాను. "నాన్నా, మిస్ ఒడెస్సా లూషస్ పేరు పడిన పేపరు ముక్కని ఫ్రిజ్ మీద అంటించుకుంది. నువ్వెళ్లి పీకుతావా?" అన్నాడు. మూడు నెలలు పళ్లు బిగబట్టాను. నేను, ఊరుకోవడం. నన్ను ఎరిగినవాళ్లకి తెలుసు అది ఎంత కష్టమో.

ఫిబ్రవరిలో మిస్ ఆర్నెటా ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చారు. కాలేజీవాళ్ల దగ్గర ఆ ఆట వీడియో వేయించుకుని చూశారట. ఎవరూ అడగలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. "నేను తప్పు రాశాను, హోసియా" అన్నారు. నలభై ఒక్క ఏళ్లలో ఆ నోట ఆ మాట ఎవరైనా విన్నారా? పోనివ్వండమ్మా అన్నాను. "నువ్వు పోనిస్తావు, నీ కొడుకూ పోనిస్తాడు. నా రాత తప్పయితే నేనెలా పోనిస్తాను?" అన్నారు. దిద్దమని ఆటల లెక్కలు చూసే పెద్ద కార్యాలయానికి తనే ఉత్తరం రాశారు. ఒక్క షరతు పెట్టుకున్నారు, తనకి తనే: "ఒడెస్సా ఇది పేపర్లో చదవకూడదు. నేనే ఆమె గుమ్మంలో నిలబడి చెప్తాను." శనివారం వెళ్లాలనుకున్నారు. గురువారం పోయారు.

అమ్మలారా, అయ్యలారా, ఈ సాయంత్రం ఐదింటికి కాలేజీవాళ్లు దిద్దిన లెక్క అందరికీ వెల్లడి చేస్తారు. ఇప్పుడు మూడు కావస్తోంది. మిస్ ఒడెస్సా తుంటి విరిగి మంచంలో ఉంది, నలభై నిమిషాల దారి. ఆమెకి ఇంకా తెలీదు. నేనేమో ఇక్కడ రెండువందల మంది ముందు ముందే వాగేశాను.

నిన్న కోరాలీ నాకొక కాగితం ఇచ్చింది. మిస్ ఆర్నెటా దిద్దిన ఆ ఆట తాలూకు కాగితం. పద్నాలుగు గజాలు కొట్టేసి ఎనిమిదికి ఎదురుగా వేశారు. గళ్ల బయట, ఖాళీ అంచులో, పెన్సిలుతో సన్నగా రాశారు: "మూడో నంబరు ఇద్దర్ని అడ్డుకున్నాడు. లేకపోతే ఇది రెండు గజాలు." అడ్డుకున్నవాడికి లెక్కలో గడి లేదు. ఆమె అంచులో రాశారు. ఆ కాగితం పట్టుకుని వెళ్తున్నాను. ఆ ముసలమ్మకి అది చాలుతుందా? చాలకపోవచ్చు. నా చదువుకి అంతకన్నా తెలీదు.

ఇక అందరూ లేవండి. లేవలేనివాళ్లు కూర్చునే తల వంచండి. తన తప్పుని తనే వెతుక్కున్న మనిషి కోసం ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉందాం. నిమిషం అయ్యాక కూడా, నేను ఆ గుమ్మం చేరేదాకా, దయచేసి అలాగే ఉండండి. ఎవరికి ఏ వరసలో చెప్పాలో రాసుకున్నాను. ఈ వరస ఎవరూ తప్పించకండి.

మొదట మిస్ ఒడెస్సా బీచమ్‌కి. నేనే, గుమ్మంలో నిలబడి.

తరవాత లూషస్‌కి. వాడు పని దిగేది నాలుగున్నరకి.

తరవాత షికాగోలో మా అక్క వెల్మాకి. ఆమెకి చెప్తే ఆ వీధి మొత్తానికి చెప్పినట్టే, అందుకే మూడోది.

మా బావమరిది ఎజీకియల్‌కి, వాడి ముగ్గురు కూతుళ్లకి.

మా పెద్దమ్మాయి రొవీనాకి.

అందరికన్నా చివర మా జవాంటేకి. టెక్సాస్‌లో ఒక జట్టువాళ్లు ఆట చూస్తామని పిలిస్తే వెళ్లాడు, వాడికింకా తెలీదు. వాడు మొదట అడిగేది మిస్ ఒడెస్సా ఏమంది అని. అప్పటికి నా దగ్గర జవాబు ఉండాలి.