అప్పలకొండ కారులో చల్లగాలి

కాలవ మలుపులో ఒంటి చింతచెట్టు ఉంది చూశారూ, మిట్టమధ్యాహ్నం దాని నీడకి మేకలు కూడా పోవు. ఎందుకు పోవో చెబుతాను, దగ్గరికి జరగండి. ఆ మరమరాలు కాస్త చప్పుడు లేకుండా తినండర్రా.

ఆ చెట్టుకింద ఉన్న తెల్లకారు అప్పలకొండది. కిరాయికి తిప్పేవాడు. ఆఖరిసారి పెళ్ళాం పైడమ్మని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని కొండమీద దేవుడి దగ్గరికి తీసుకెళ్తుంటే, ఉక్కపోస్తోంది, ఏసీ వెయ్యవయ్యా అందిట ఆవిడ. కొండెక్కేటప్పుడు ఏసీ వేస్తే బండి లాగదే, పైకెళ్ళాక వేస్తానన్నాడు. డ్రైవర్లందరూ అంతే కదా? కిరాయివాళ్ళకైతే వేస్తావు, పెళ్ళానికైతే బండి లాగదా అని ఆవిడ మూతి ముడుచుకుని, పైకెళ్ళాక ఆయన వేస్తే తనే కట్టేసి, ఇల్లు చేరేదాకా పలకలేదు. తెల్లారేసరికి ఆయన గుండె ఆగిపోయింది. పలకని మాటలన్నీ ఆవిడ గొంతులోనే ఉండిపోయాయి, ఎవరితో చెప్పుకుంటుంది?

ఏడాది తిరిగింది. కారు పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామనుకుని, ముందురోజు మధ్యాహ్నం అందులోని దేవుడి బొమ్మ తెచ్చుకోడానికి వెళ్ళి, ముందుసీట్లో కూలబడింది. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు, గుర్తుపెట్టుకోండి. అయినా ఏసీ నాబు టక్కున తిరిగింది, గాలి వచ్చే రెక్కలు ఆవిడవైపు ఒరిగాయి, మొహానికి చల్లగా తగిలింది, రేడియోలో ఆవిడకిష్టమైన స్త్రీల కార్యక్రమం మొదలైంది. భయపడిందా అంటే పడే ఉంటుంది. కానీ, ఇక్కడ కొండ లేదని వేశావా అయ్యా, అని అడిగింది. రేడియో గొంతు తగ్గింది. బతికున్నప్పుడూ ఆవిడ నోరు తెరిస్తే అలాగే తగ్గించేవాడుట. ఇంకేం, దాచుకున్న మాటలన్నీ చెప్పి, ఏడ్చి, కొంగు కప్పుకుని, చలేస్తోందయ్యా అంది. నాబు ఒక్క గీత వెనక్కి తిరిగింది.

మర్నాడు ఇనుమువాడు తలుపు తీశాడో లేదో, వేడిగాలి మొహాన కొట్టి రేడియో గయ్యిమంటే, చెప్పులొదిలేసి పరిగెత్తాడు. కారు అక్కడే ఉండిపోయింది. పైడమ్మ బతికినన్నాళ్ళూ రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఓ గంట కూర్చునేది. ఇప్పుడా? ఇప్పుడు ఆ వేళకి రెండువైపులా అద్దాలమీద చెమట పడుతుంది.

అటు పోకండి. పోయినా తలుపు మాత్రం తియ్యకండి, చల్లదనమంతా బయటికి పోతే ఆవిడ మళ్ళీ మూతి ముడుస్తుంది.