తొంభై మూడు దగ్గర ఆగిన గొంతు

బస్టాండులో ఆరో ప్లాట్‌ఫారం చివర టీ కొట్టు. అక్కడి బల్ల మీద గాజు గ్లాసుకి ఆనించి ఫోను నిలబెట్టి, మైకమ్మ రెప్ప వేయకుండా దానికేసే చూస్తూ కూర్చుంది. తెర మీద పన్నెండు శాతం అని ఉంది. పక్కన వాళ్ళన్నయ్య అప్పటికే గొంతు సవరించుకున్నాడు.

“పెద్ద గొప్పేం కాదులే పిన్నీ. మా ఆఫీసులో నాకు అప్పజెప్పిన చిన్న పని. ఫైలు పంపిణీకి ఓ కంపెనీని ఎంచుకోవడం, అంతే.”

“చిన్న పని అన్నాడంటే పెద్దదే వస్తోంది, కాస్త జరిగి కూర్చోండి,” అన్నాడు మైకమ్మ మొగుడు. ఆయన బస్సు డ్రైవరు. ఐదింటి బస్సు తీయాలి, ఇంకా ముప్పావుగంట ఉంది. టీ కొట్టు పిన్ని నవ్వి స్టవ్వు మీద గిన్నె పెట్టింది. ఆయన కండక్టరు చేతిలో టిక్కెట్ల మిషను పక్కన పెట్టి బల్ల దగ్గరికి జరిగాడు.

పదహారేళ్ళు ఆ బస్టాండు మైకులో పలికింది మైకమ్మ గొంతే. ఏ బస్సు ఎక్కడికొస్తుందో, ఎవరి సంచీ ఎవరికి దొరికిందో, తప్పిపోయిన పాప ఏ రంగు గౌను వేసుకుందో అన్నీ ఆవిడే చెప్పేది. అసలు పేరు వెనక్కి పోయి మైకమ్మే మిగిలింది. తొమ్మిది నెలల కిందట గొంతులో గడ్డకి ఆపరేషన్ అయింది. గడ్డతో పాటు మాటా పోయింది. అప్పట్నుంచీ ఆవిడ చేతిలో పలకా, సుద్దముక్కా.

అన్నయ్య పనిచేసే చిన్న కంపెనీ ఇలాంటి వాళ్ళ కోసమే ఒక ప్రోగ్రాం చేస్తుంది. మనం టైపు చేస్తే ఫోను పైకి చదువుతుంది. మొదట వచ్చినదాంట్లో ఎవరో పరాయి ఆడమనిషి గొంతు ఉండేది. అది ఓ రోజు ఇంట్లో “భోజనానికి రండి” అని పిలిచేసరికి డ్రైవరు ఉలిక్కిపడి వరండాలోకి వెళ్ళిపోయాడు. మైకమ్మ మళ్ళీ దాన్ని తెరిస్తే ఒట్టు. కొత్తదాంట్లో అలా కాదు, మనిషి పాత రికార్డింగులు తీసుకుని వాళ్ళ సొంత గొంతే తయారుచేసి ఇస్తారు. మైకమ్మ రికార్డింగులకి కరువేముంది, బస్టాండు వాళ్ళ దగ్గర గంటలకొద్దీ ఉన్నాయి. గొంతు తయారైపోయింది. కానీ ఆ ఫైలు మరీ పెద్దది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క మిషను నుంచి దింపుకోబోతే మూడుసార్లూ తొంభై దాటాక తెగింది. తెగిన ప్రతిసారీ మళ్ళీ సున్నా నుంచి మొదలు.

“ఎందుకే ఈ గోల, పెన్‌డ్రైవులో వేసి నేనే తెచ్చిస్తాను కదా,” అన్నాడు అన్నయ్య అప్పట్లో.

ఆవిడ పలక మీద రాసింది. “ఆస్పత్రిలో నాతోపాటు గొంతు పోయినవాళ్ళు నలభై మంది. వాళ్ళందరికీ అన్నయ్య లేడు.”

అన్నయ్య ఆ పలక రెండుసార్లు చదువుకున్నాడు. మర్నాడే పనిలో దిగాడు. ఆ పని ముగిసి, ఇవాళ నాలుగింటికి కొత్త ప్రోగ్రాం బయటికొచ్చింది. ఆ నలభై మందీ తలో చోట ఫోను పట్టుకుని కూర్చునే ఉంటారు. ఇవాళ కూడా తెగిందంటే ఇక ఈ ఆశ వదిలేసుకుందామని మైకమ్మ మనసులో గట్టిగా అనుకుని వచ్చింది. ఆ మాట పలక మీద ఎవరికీ రాయలేదు.

“చూడు బావా,” అంటున్నాడు అన్నయ్య డ్రైవరుతో, “దేశం మొత్తానికి ఒక్కటే బస్సు డిపో ఉందనుకో. జనమంతా అక్కడికే పరుగెత్తాలి. తొక్కిసలాట అవదూ? మా ఫైలు సంగతీ అంతే. అందుకని కాపీలు తీసి ఊరూరా డిపోలు పెట్టే కంపెనీలున్నాయి, సీడీఎన్ అంటారు. నువ్వు ఫైలు అడగడం ఆలస్యం, నీకు దగ్గర్లో ఉన్న డిపో నుంచి ఇచ్చేస్తారు. వాటిలో ఏది మంచిదో తేల్చే భారం నా నెత్తిన పడింది. నా పేరు వినేసరికి పదకొండు కంపెనీలు వచ్చి మా ఆఫీసు మెట్ల మీద వరసకట్టాయి!”

మైకమ్మకి చెయ్యి దురద పెట్టింది. నిజం ఏమిటో ఆవిడ కళ్ళారా చూసింది. పలక లాక్కుని ‘పదకొండు కాదు’ అని రాసి పైకెత్తేసరికి అన్నయ్య నడిసముద్రంలో ఉన్నాడు. తొమ్మిది నెలలుగా ఇదే వరస. ఒక కోతకి ఆవిడ జవాబు రాసేలోపు ఆయన ఇంకో నాలుగు కోసేస్తాడు. అడ్డుకునే నోరు లేక ఆయన కోతలు చేలల్లే ఏపుగా పెరిగిపోయాయి.

“మొదటి కంపెనీ చేత ఫైలుని ఓ ఓడ మీదికి పంపించి, కెప్టెనుకి ఫోను కొట్టాను. ‘ఏవయ్యా, ఫైలు అందిందా?’ అన్నాను. ‘అందకేం సార్, అది మా ఓడని దాటుకుని రేవుకి వెళ్ళి కూర్చుంది, దాన్ని పట్టుకోడానికే పోతున్నాం’ అన్నాడు. ఆ కంపెనీని అక్కడికక్కడే వద్దన్నాను.”

“అదేంటి బావా, అంత తొందరగా పంపితే వద్దనడం ఎందుకు?”

“మనిషికంటే ముందు పోయే సామాను మనకెందుకు బావా! సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో కంపెనీని మంచుకొండ ఎక్కేవాడి ఫోనులో పరీక్షించాను. ఫైలు వచ్చిన వేడికి కొండ మీద మంచు కరిగి, కింద ఊళ్ళో వాళ్ళు గొడుగులు వేసుకున్నారు!”

“కరిగిన మంచుకి గొడుగేంటి బాబూ, పడవ కావాలి గానీ,” అంది పిన్ని.

“పడవలూ వేసుకున్నారు పిన్నీ. నువ్వు ఊరుకో, అసలుది ముందుంది.”

నలభై ఒకటి శాతం. మైకమ్మ చూపు ఫోను మీంచి ఒక్క క్షణం అన్నయ్య చేతి మీదికి పోయింది. టీ ఇచ్చి పావుగంటైంది, ఒక్క గుక్క తాగలేదు. చెంచా పెట్టి కలుపుతూనే ఉన్నాడు. బల్ల కింద మోకాలు ఒకటే ఊగుతోంది. ఫోనుకేసి పొరపాటున కూడా చూడడం లేదు. చెల్లెలి మొహం చూసి, అందులో ఎంత శాతమైందో వెతుక్కుంటున్నాడు.

ఆపరేషన్ రోజున థియేటరు బయట కూడా ఇంతేనట. చిన్నప్పుడు పులిని దారిలో ఆపి మందలించి పంపించిన కథ నర్సుకి మూడుసార్లు చెప్పాడట. తర్వాత నర్సే నవ్వుతూ చెప్పింది. ఈ మనిషికి భయమేస్తే ఏడుపు రాదు, కోత వస్తుంది. అది గుర్తొచ్చి అన్నయ్య కోసం మైకమ్మ ప్రాణం విలవిల్లాడింది. తనకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నాడు.

“సముద్రం అడుగున తీగలుంటాయి తెలుసా? మన ఫైళ్ళన్నీ వాటిలోంచే పోతాయి. మా ఫైలు దూరేసరికి తీగ ఉబ్బి ఇంత లావైంది. చేపలు వచ్చి దానికి వీపులు ఆనించి చలి కాచుకున్నాయి. అంతలో ఫట్‌మని తెగింది! ఇంకేముంది, దూకేశాను. ఈ చేత్తో ఒక కొస, ఈ చేత్తో ఒక కొస. ఫైలు మొత్తం నా ఒంట్లోంచే పోయింది.”

“సముద్రం అడుగున ఊపిరెలా తీశారు సార్?” అన్నాడు కండక్టరు.

“ఊపిరి తీసుకోడానికి తీరికెక్కడిదయ్యా! తర్వాత మూడు రోజులు నేను తుమ్మితే ముక్కులోంచి సాఫ్ట్‌వేర్ రాలింది.”

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు, కానీ ఆయన చెయ్యి మైకమ్మ కుర్చీ వీపుని గట్టిగా పట్టుకుని ఉంది. డెబ్భై తొమ్మిది. ఎనభై ఆరు. తొంభై.

“ఒక్కో కంపెనీనీ నిలబెట్టి ఒకటే మాట అడిగాను,” అన్నాడు అన్నయ్య. ఈసారి గొంతు కొంచెం దిగింది. “‘మధ్యలో తెగితే మళ్ళీ ఎక్కడ మొదలెడతారు?’ అని. అందరూ వేగం లెక్కలే చెప్పారు. ఒక్కడే ‘తెగిన చోటే’ అన్నాడు. అంతే, వాడి చేతిలో...”

మాట సగంలో ఉండగానే ఎక్స్‌ప్రెస్ బస్సు ఒకటి వచ్చి ఆరో ప్లాట్‌ఫారం మీద ఆగింది. దిగిన యాభై మందీ ఒక్కసారే ఫోన్లు బయటికి తీశారు. బల్ల మీది ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

తొంభై మూడు. కనెక్షన్ లేదు.

అన్నయ్య చేతిలో చెంచా కలపడం ఆగింది. పిన్ని ఎందుకో స్టవ్వు తగ్గించింది. బస్సు దిగినవాళ్ళు నవ్వుతూ, అరుస్తూ, పెట్టెలు ఈడ్చుకుంటూ బల్ల చుట్టూ తిరిగి పోతున్నారు. మైకమ్మ ఫోను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏం చేస్తుందోనని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. సున్నా కనిపించిన మూడుసార్లూ ఎలా ఉందో ఆవిడకి తెలుసు. నాలుగోసారి చూసే ఓపిక లేదు, అందుకని కళ్ళు మూసుకుంది.

“తొంభై నాలుగు,” అన్నాడు డ్రైవరు. “ఏమే, చూడవే. సున్నా కాదు. తొంభై నాలుగు.”

అన్నయ్య చెంచా గ్లాసులో వదిలేసి కండువాతో మొహమంతా తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఏమీ జరగనట్టు, ఇందాకటికి రెట్టింపు గొంతుతో అందుకున్నాడు.

“నాకు ముందే తెలుసు! అసలు దిగులే పడలేదు. ఎందుకంటే ఆ కంపెనీవాడి చేత చంద్రుడి మీద కూడా ఒక డిపో పెట్టించాను. భూమ్మీద డిపోలన్నీ పడుకున్నా, పైనుంచి వస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పౌర్ణమికి డౌన్‌లోడ్లు ఎక్కువై చంద్రుడు ఓ మూల సొట్టపోయాడు! నన్నే వచ్చి సరిచెయ్యమని...”

నూరు అయింది. ఆస్పత్రి స్నేహితుల గ్రూపులో టపటపా మెసేజీలు పడుతున్నాయి. “నాది ఆగి మళ్ళీ అందుకుంది.” “నాదీ వచ్చేసింది.” మైకమ్మ వాటిని ఒక్క చూపు చూసి, ప్రోగ్రాం తెరిచి, వంగి టైపు చేయడం మొదలెట్టింది. తప్పులు పడి రెండుసార్లు చెరిపింది. అన్నయ్య చంద్రుడి సొట్టని సుత్తితో తీస్తున్నాడు. ఆవిడ మీట నొక్కింది.

“అన్నయ్యా.”

బస్టాండు మైకులో ఆ మాట ఆవిడ ఏనాడూ అనలేదు. అయినా ఆ గొంతు ఆవిడదే. చివర కాస్త సాగదీసే ఆ తీరు కూడా ఆవిడదే. ప్లాట్‌ఫారం మీద పెట్టె ఈడ్చుకుపోతున్న ముసలాయన ఆగి, అలవాటుగా పైనున్న స్పీకరుకేసి చూశాడు. డ్రైవరు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

“అన్నయ్యా, పదకొండు కంపెనీలు కాదు, మూడు. నీకు ఓడ కెప్టెన్లెవరూ తెలీదు. ఈత కూడా రాదు. మా వంటింట్లో సిగ్నలు అందని మూల ఉంది చూడు, సింకు పక్కన, అక్కడ బకెట్టు బోర్లించుకుని పద్దెనిమిది రోజులు కూర్చున్నావు. ఫైలు దింపడం, సగంలో నువ్వే తెంపడం, అతుక్కుంటుందో లేదోనని చూడడం. ఇక్కడ అతికితే ఆ నలభై మందికీ అతుకుతుందని నీలో నువ్వే గొణుక్కున్నావు. చెబితే అది చెప్పొచ్చు కదా.”

పిన్ని ముక్కు చీదుకుంది. అన్నయ్య కండువా కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నేల చూపులు చూశాడు.

“పద్దెనిమిది కాదే,” అన్నాడు మెల్లగా. “ఇరవై ఐదు.”

మైకమ్మ మళ్ళీ టైపు చేసింది. తొమ్మిది నెలల్లో మొదటిసారి, అన్నయ్య ఇంకో మాట కోయకుండా ఆవిడ ముగించేదాకా ఆగాడు.

“పద్దెనిమిదే. రోజూ నీకు టీ ఇచ్చింది నేను.”

అన్నయ్య కళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆయన చెప్పిన అంకె తగ్గించుకోవడం ఆ టీ కొట్టులో అప్పటిదాకా ఎవరూ వినలేదు.

“సరే, పద్దెనిమిదే,” అన్నాడు. “ఇంకా ఏమేం ఎక్కువ చెప్పానో అవీ చెప్పవే. వింటాను.”