పదకొండో ఫుట్‌నోటు

1946 వేసవి. గురజాల దాటాక ఒక ఊరి చివర గూడెం. నరసరావుపేట హైస్కూలు చరిత్ర మాస్టారు జానకిరామయ్య, అదే స్కూల్లో ఇంగ్లీషు చెప్పే సుభానీ, ఇద్దరూ గ్రేసమ్మ అనే ముసలామె గుడిసె ముందు ఆగారు. ఆమె ఇంకా బయటికి రాలేదు.

"మీ వ్యాసానికి పది ఫుట్‌నోట్లు కుదిరినయ్యి మాస్టారూ. గ్రంథకర్త పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం, పుట. పత్రికవాళ్లు అడిగిన వరసలోనే పెట్టాను. పదకొండో దాని దగ్గరే బండి దిగబడింది."

"దిగబడటానికేముందయ్యా? 'స్థానిక వృద్ధురాలు చెప్పగా విన్నది' అని రాశాగా."

"అది చాలదన్నారు. మనిషి పేరు, వయసు, ఊరు కావాలి. ఆమె ఎవరి దగ్గర విన్నదో వాళ్ల పేరు కావాలి. ఆమె అన్న మాట కొటేషన్ గుర్తుల మధ్య, ఉన్నదున్నట్టు పెట్టాలి."

"చెన్నపట్నంలో ఫ్యాను కింద కూర్చుని ఎన్నయినా అడుగుతారు. కానీ వ్యాసమంతా ఈ నోటు మీదే నిలబడింది సుభానీ. పల్నాటి వీరులు ఈ గూడెం దిగుడుబావిలో కత్తులు కడిగారన్నది నిలిస్తేనే మిగతాది నిలుస్తుంది. ఇది అచ్చయితే, స్కూల్లో నన్ను ఊహల పంతులని నవ్వేవాళ్ల నోళ్లు మూతపడతయ్యి."

"అందుకేగా ఎండనబడి వచ్చాం. మంచం వేసుంది, కూర్చోండి."

"ఇక్కడా? పర్లేదు, నిలబడతా. ఏమే గ్రేసమ్మా, లోపలేం చేస్తున్నావు?"

"వస్తన్నా దొరా, వస్తన్నా. దణ్ణాలయ్యా. నేనేం తప్పు చేయలేదు."

"తప్పేందవ్వా? నీ పేరు అచ్చేయిస్తామని వచ్చాం. ముందు కాసిని మంచినీళ్లియ్యి, నోరు పిడచగట్టుకపోయింది."

"నీళ్లా... కోడలు వాగుకాడికి పోయింది సాయిబుగారూ. వచ్చుద్ది. ఇప్పుడే వచ్చుద్ది."

"వాగెందుకు? దిగుడుబావి అదిగో, ఆ కనపడేదేగా?"

"ఆఁ, అదే. మీరేందో అడగాలని వచ్చారు గదా, అడగండి."

"నీళ్ల సంగతి తర్వాత చూద్దాం సుభానీ. గ్రేసమ్మా, మూడేళ్ల కింద నేనూ మీ కరణంగారూ ఆ బావి దగ్గరికి వచ్చాం. నువ్వు కడవ ముంచుకుని మెట్లెక్కుతున్నావు. గుర్తుందా?"

"ఉందయ్యా."

"ఆ వీరుల సంగతి నీకెవరు చెప్పారు? మీ తాతా?"

"మా తాత... చానా మంచోడయ్యా. చెప్పులు కుట్టి మాచర్ల సంతలో అమ్మేవాడు."

"ఆయన చెప్పాడా?"

"ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు."

"పోనీ మీ నాయన?"

"మా నాయన బాప్తిస్మం తీసుకున్నాడు. కత్తుల కథలు ఇంట్లో పడనిచ్చేవాడు కాదు."

"భయపడబాకవ్వా. ఒక పేరు చెప్పు, రాసుకుంటా."

"రాసుకుని స్టేషనుకు పంపుతారా?"

"అబ్బే! పుస్తకంలో పుట కింద చిన్నక్షరాలతో వేస్తారు. అంతే."

"పైన పెద్దక్షరాలు ఎవరియ్యి?"

"మాస్టారివి."

"అయితే ఆయన్నే అడగండి నాయనా."

"ఇంత దూరం వచ్చింది నీ ఎకసెక్కాలు వినటానికా? అడిగిందానికి చెప్పు."

"ఆగండి మాస్టారూ. ముందు ఆమె మాట రాసుకుందాం. ఆ రోజు ఏమంది?"

"వీరులు యుద్ధంలో నెత్తురంటిన కత్తులు కడిగింది ఈ బావిలోనేనటగదే అని అడిగాను."

"అది మీ మాట. ఆమె మాట?"

"చిత్తం అంది."

"తర్వాత?"

"మెట్ల మీద ఎర్రటి మరకలున్నయ్యి. అవి నెత్తుటి గుర్తులేనా అన్నా."

"ఆమె?"

"చిత్తం అంది."

"ఇంకా?"

"ఇది వీళ్ల తాతముత్తాతల నుంచి ఉన్న మాటే అని కరణంగారు అన్నారు."

"అది కరణంగారి మాట. ఈమె?"

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? చిత్తం అంది!"

"నెత్తిన కడవుంది దొరా. కరణంగారు పక్కన నిలబడి నా మొకమే చూస్తన్నారు. కాదని ఎట్టా అంటాను?"

"అంటే... అవ్వా, ఆ మరకలు?"

"మా తాత తోళ్లు ఊరెయ్యటానికి తంగేడు చెక్క ఆ మెట్ల మీదే దంచేవాడు సాయిబుగారూ. వానొస్తే ఎర్రగా కారేది."

"మాస్టారూ, పన్నెండో నోటు గ్రంథాలయ వార్షికోత్సవంలో ఉపన్యాసం. అది ఇచ్చింది..."

"నేనే."

"పదమూడు, వారపత్రికలో పడ్డ వార్త. అది..."

"ఆ ఉపన్యాసం గురించే. తెలుసు. ఇంక చదవకు."

"ఆ ఉపన్యాసం మా కరణంగారు కూడా విన్నారంటయ్యా. ఊళ్లోకొచ్చి అందరికీ చెప్పారు."

"చెప్పి?"

"ఏం లేదు దొరా. మీరు మంచిమాటే చెప్పారు. చానా మంచిమాట."

"అవ్వా, ఆ బావి చుట్టూ గోడ కొత్తదా? వస్తా చూశా. తలుపుకి తాళం, గడపకి పసుపు."

"పోయినేడు కట్టారు."

"ఎందుకు?"

"వీరుల బావి గదా. మైలపడుద్దని."

"ఎవరు తాకితే? గ్రేసమ్మా, నిన్నే. ఎవరు తాకితే?"

"ఇంకెవరయ్యా, మేమే గదా. అంతకుముందు ఊళ్లోవాళ్లు దానివైపు చూసేవాళ్లు కాదు, పాడుబావని. గూడెమంతా దాని మీదే బతికింది. ఇప్పుడు వాగు ఇసకలో చెలమ తవ్వుకుంటన్నాం. నీళ్లు ఊరేదాకా కూర్చోవాలి. కోడలు తెల్లారి పోయింది, ఇంకా రాలా. ఇంటికొచ్చినోళ్లు నీళ్లడిగితే లేవన్నాను. అదే నాకు సిగ్గుగా ఉంది."



"మాస్టారూ?"

"ఆ మంచం ఇటు జరుపు సుభానీ."

"కూర్చోండి. చిన్నగా."

"ఆ కాగితాలియ్యి."

"చించబాకండి! వేరే నకలు లేదు."

"చించటం లేదు. కలం నువ్వే తీయి. పదకొండు కొట్టెయ్యి. పన్నెండు, పదమూడు కూడా."

"అవి పోతే వ్యాసంలో ఏముంటది మాస్టారూ?"

"ఏముంటది. కొట్టెయ్యి."

"స్కూల్లో వాళ్లు..."

"అననీ. వాళ్లు అబద్ధమేం చెప్పలేదుగా."

"దొరా, నావల్ల మీ పని చెడిందా? పోనీ మా తాతే చెప్పాడని రాసుకోండి. పోయినోడు, ఆయన్నెవరూ ఏమనరు."

"వద్దు గ్రేసమ్మా. నువ్వింకేం చెప్పబాకు. ఇప్పుడే కరణంగారింటికి పోతా. అదంతా నా ఊహ, ఈమె ఆ మాట అనలేదు అని నలుగురిలో చెబుతా. తాళం తీయిస్తా. ఇదే సంగతి అచ్చులోనూ వేయిస్తా, నా పేరుతో. విన్నావా?"

"విన్నానయ్యా."

"మాట తప్పను. నన్ను నమ్ముతున్నావా?"

"చిత్తం."