ఆరేండ్ల కాయితం

"కాకా, బంతులిసిరే ఆ పంజాబీ పోరనికి నువ్వే సలహా చెప్పినవట గద?"

సలహానా? నాకే దిక్కులేదు బిడ్డా. నువ్వు మెల్లగ రుద్దు, గా కుడి భుజమే. తలుపు దగ్గరికెయ్యి, తైలం వాసన ఫోర్‌మన్ పసిగడ్తడు. ఐతారం నాడు ముదీర్, గదే మన పెద్ద మేనేజర్, అస్తుండు, నా రెండేండ్ల కాయితం మల్ల రాయాల్నా వద్దా సూస్తడు. భుజం సంగతి ఎర్కయితె ఖలాస్, ఇంటికే.

ఆఁ, గా పోరడు. నువ్వు గీ గల్ఫ్‌కు రాకముందు మాట. క్రికెట్ గ్రౌండ్‌ల బేస్‌బాల్ పెట్టిండ్రు. నడుమ మట్టి దిబ్బ జేసుడు నా పని, వాడు దాని మీద నిలవడి బంతి ఇసిరెటోడు. "చాచా, ఇక్కడ గట్టిగ తొక్కు, అక్కడ నీళ్లు కొట్టు" అని హిందీల చెప్పెటోడు. మర్యాదస్తుడు, మా చిన్నోని లెక్క... కాదులే, మా చిన్నోనికి గంత మర్యాద ఏడిది, మా చెల్లె కొడుకు లెక్క.

ఒకనాడు ఎగురుకుంట అచ్చిండు. అమెరికా టీమోళ్లు ఆరేండ్ల కాంట్రాక్ట్ ఇస్తున్నరట. మనకు రెండేండ్లే గడవయి. తొందరపడకు బేటా అన్న. పాస్‌పోర్ట్ ఎవని దగ్గరుంటది, ఇంటికి పోను చుట్టీ ఎప్పుడిస్తరు, టికెట్ ఎవలది, అన్నీ అడిగిన. వాడు నవ్వుడే నవ్వుడు.

నడుమ ఇడిసిపెట్టి పోవచ్చునా అంటె, పోరాదన్నడు. వేరే టీముకు అమ్ముతరా అంటె, అది వాళ్లిష్టం, మమ్మల్ని అడగరన్నడు. ఇగ నాకు బలమచ్చింది. మన కంపెనీ గంతే గద, నిన్న సజ్జా క్యాంపుల ఏసె, ఇయ్యాల అల్ ఖూజ్‌ల. రేపు నీకంటె చిన్నోడు నీకంటె ఎక్కువకు సంతకం వెడితె నువ్వు కుములుకుంట కూసుంటవు, ఆరేండ్లకు ఒప్పుకోకు అని గట్టిగ చెప్పిన.

ఆఖరుకు అడిగిన, మరి చెయ్యి పోతె?

"పైసలు అస్తనే ఉంటయి చాచా. ఆపరేషన్ గూడ వాళ్లే జేపిస్తరు."

మా బామ్మర్ది, జగిత్యాలాయన... కాదు, కోరుట్లాయన, మెషీన్ల చెయ్యి వడితె, కట్టు ఇప్పకముందే టికెట్ చేతుల వెట్టిండ్రు. నాకు కుళ్లయింది బిడ్డా, అబద్ధమెందుకు. పెట్టు బేటా, రెండు చేతులతోని పెట్టు సంతకం అన్న.

మొన్న అమెరికాకెల్లి ఫోన్ జేసిండు. భుజం పోయిందట, గదే కుడిది. ఆపరేషనయిందట, ఇంకో ఏడాది ఇంట్ల కూసొని తినుమన్నరట. లావయిన చాచా అని బాధపడ్డడు. నువ్వెట్లున్నవని అడిగితె, మస్తున్న బేటా అన్న, ఎడమ చేత్తోని ఫోన్ వట్టుకోని.

ఇగ సాలు. ఐతారం నాడు గ్రౌండ్ మీది టార్పాలిన్ గుంజేటప్పుడు నువ్వు నా కుడి దిక్కు నిలవడు. నువ్వు గుంజు, నేను ముదీర్‌కు ఇనవడేటట్టు యల్లా, యల్లా, జల్ది గుంజుండ్రి అని ఒర్రుత. నీ భుజాలు సల్లగుండ బిడ్డా, మనిద్దరికి ఉన్నయి గవే...