వర్ని బస్సు ఆగిన వేళ

ఇలా దగ్గరికి జరగండి. మొన్న బాన్సువాడ బస్టాండులో వర్ని ఊరికి పోయే బస్సు కోసం నా పక్కన కూర్చున్న అత్తాకోడళ్ల మాటలు చెబుతాను. చంటిపిల్ల ఆకలికి గుక్కపట్టింది. కోడలు అక్కడే పాలివ్వబోయింది.

"గింతమంది ముంగట ఏందే? పాలకు దిష్టి తగుల్తది. ఇంటికి పోయినంక ఇద్దువు."

"దిష్టి ఇంటికి పోయినంక తీద్దువు అత్తమ్మా. పాపకు ఆకలి ఇప్పుడే అయితుంది. వాకిట్ల బీడీలు చుట్టుకుంట నీ కొడుక్కు నువ్వియ్యలేదా?"

"అది మన వాకిలి. గిది బస్టాండు."

"దానికేం ఎరుక? దాని ఇల్లు నా ఒడే గదా."

అత్త నవ్వేసింది. "నీతోని గెలుస్తమా! నిమ్మలంగ తాగనియ్యి."

"అత్తమ్మా, మన వర్ని బస్సు కదులుతుంది!"

"నువ్వు లేవకు." అత్త ఉరికి ఫుట్‌బోర్డు మీద కాలు మోపింది. "ఓ కండక్టరూ, జర ఆగు కొడుకా! మా మనుమరాలు బువ్వ తింటుంది."

బిడ్డ కడుపు నిండేదాకా బస్సు ఆగింది. మీ ఇంటి బాలింతలకు ఈ ముచ్చట మరవకుండా చెప్పండి. వాళ్ల అత్తలకు ముందు చెప్పండి.