శమూనమ్మ పాడెకు ముందు

సమాధి తవ్వించాలి, సాంబ్రాణి తేవాలి, ఏడ్చేవాళ్ళని పిలవాలి. సిరియాలోని హిమ్స్ పట్నంలో శమూనమ్మ పోయిన పొద్దున, ఇస్లాం పుచ్చుకున్న ఆమె కొడుకు చర్చి గురువు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మతో నేనూ నడవచ్చా, అయ్యగారూ?"

"మీ మసీదు పెద్దలేమన్నారు?"

"పాడెకు ముందు నడిస్తే తప్పులేదట. వెనక నడిస్తే మీ ప్రార్థనలో కలిసినట్టేనట."

"ముందు సిలువ పట్టుకుని నడిచేది నేను కదరా!"

"మీకంటే ముందు నడుస్తాను."

"ఏళ్ళతరబడి దండులో తిరిగావు, సమాధుల దారి తెలుసా నీకు?"

"తెలీదు. మలుపు రాగానే దగ్గండి. కుడికైతే ఒకసారి, ఎడమకైతే రెండుసార్లు."

"కీర్తన పాడుతూ దగ్గాలా? తర్వాతి పాడె నాదే అనుకుంటారు!"

"అమ్మని నేను లేకుండా పంపలేనయ్యగారూ."

"...సరే, పద. దారి తప్పావో, అందరం నీ వెనకే సంతలోకి వస్తాం."

అయ్యగారు దారంతా దగ్గారు. మీ ప్రార్థన ఏదైనా సరే, అందులో శమూనమ్మను ఒకసారి తలుచుకోండి.